లండన్ వదిలి గ్లాస్గో వెళ్తే పన్నుకి తగ్గ ఫలితం ఉంటుందా?

వచ్చేయండి. స్కాట్లాండ్‌లో పన్ను ఎక్కువే, అందులో అబద్ధం లేదు. 50 వేల పౌండ్ల జీతానికి ఇంగ్లండ్ కంటే ఏడాదికి దాదాపు 1,500 పౌండ్లు అదనంగా కడుతున్నాను. ఆదాయపు పన్ను స్లాబులు ఎడిన్‌బరాలో స్కాట్లాండ్ పార్లమెంటు పెడుతుంది, నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటి వాటికని జీతంలో కోసేది) లండన్‌లో పెడతారు. జీతం 43,662 దాటితే ఆ పైన ప్రతి పౌండులో వీళ్లు 42 పెన్నీలు, వాళ్లు 8 పెన్నీలు. 50,270 దాకా పౌండులో సగం హాంఫట్! జీతం పెరిగిందని స్వీట్లు పంచడం మానేశాను.

అయినా ఇక్కడే ఉంటాను. నన్ను పడగొట్టింది ఒక అట్టపెట్టె.

2017 ఆగస్టు నుంచి స్కాట్లాండ్‌లో పుట్టే ప్రతి బిడ్డకీ ప్రభుత్వం బేబీ బాక్స్ ఇస్తోంది. మాది వచ్చేనాటికి మా అత్తయ్య కరీంనగర్ నుంచి దిగి మూడు రోజులు. బట్టలు, థర్మామీటర్, బొమ్మల పుస్తకాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచారు. అడుగున పెట్టె కొలతకి సరిగ్గా సరిపోయే పరుపు. బాబు పెట్టెలోనే పడుకోవచ్చని చెప్పానో లేదో, "గింత చలిల పిల్లగాన్ని అట్టడబ్బల పండవెడ్తరా?" అని లేచారు. కాసేపాగి, "మన కేసీఆర్ కిట్ల దోమతెర గూడ ఉంటది" అని పోటీ. నిజమే, అదీ 2017లోనే మొదలైంది. కానీ సర్కారు దవాఖానాలో కాన్పయితేనే ఇచ్చేవారు. మా ఆడపడుచు ప్రైవేటుకి వెళ్లింది, రాలేదు. ఇక్కడ పక్కింటి లాయరమ్మకీ నాకూ ఒకటే పెట్టె. అందరికీ ఇస్తే ఆదాయ సర్టిఫికెట్ కోసం తిరిగే పని ఉండదు. దీని మీద నాతో ఎవరూ వాదించి గెలవలేరు.

మందులూ అంతే. 2011 నుంచి ఇక్కడ డాక్టర్ చీటీ మందులు ఉచితం. ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉండే మా తమ్ముడు ఒక్కో మందుకీ 9.90 పౌండ్లు కడతాడు. 22 ఏళ్లలోపు వాళ్లకి బస్సులూ ఉచితమే.

అన్నీ బాగున్నాయని కాదు. ఇక్కడి సర్కారు కట్టించిన 'గ్లెన్ సానక్స్' అనే ఓడని 2017లో కిటికీల చోట నల్లరంగు పూసి మరీ నీళ్లలోకి దింపారు. 2018లో రావాల్సింది, జనాన్ని ఎక్కించుకుంది 2025 జనవరిలో. మన శంకుస్థాపన రాళ్లే నయం.

ఇక పళ్ల డాక్టర్ సంగతి అడక్కండి. నాలుగు చోట్లకి ఫోన్ చేస్తే నాలుగు చోట్లా "కొత్తవాళ్లని తీసుకోవడం లేదు" అన్నారు. మీరు వచ్చాక ఎన్‌హెచ్‌ఎస్ (సర్కారు వైద్యం) డెంటిస్ట్ ఎవరైనా దొరికితే ముందు నాకు చెప్పండి, దవడ పన్ను సలుపుతోంది.