ధరలు లాగే టూల్ నేర్చుకుంటే మా వాడికి బతుకుతెరువు దొరుకుతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మిక్సీలు, ఫ్యాన్లు, కుక్కర్ల అంగడి నడుపుతున్నాను. మా అబ్బాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఆన్‌లైన్ సైట్లలోని వస్తువుల ధరల్ని వాటంతట అవే ఎక్సెల్‌లోకి తెచ్చే టూల్ ఒకటి ఉందట. దాని మీద రెండు నెలల కోర్సు చేస్తే ఇంట్లో కూర్చునే నెలకు యాభై వేలు సంపాదించొచ్చని పట్టుబడుతున్నాడు. ఫీజు నలభై ఐదు వేలు. నేను ఎంబీఏ చెయ్యమంటున్నాను. సెలవులకు ఇంటికొచ్చినా అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటాడు. మా తోడల్లుడి కొడుకేమో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు. టూలా, ఎంబీఏనా, ఏది మంచిదో తేల్చి చెప్పండి.

జవాబు: ముందు మీరు కాస్త కుదుటపడండి. మీ అబ్బాయి చెడిపోలేదు. డిగ్రీ చదివే పిల్లవాడు ఎవరూ చెప్పకుండా తనకంటూ ఒక పని వెతుక్కుని దాని ముందు రాత్రిళ్లు కూర్చుంటున్నాడంటే నాకు సంతోషంగానే ఉంది. తల్లిదండ్రులు నన్నడిగే ఈ ప్రశ్నలో ప్రతిసారీ మారేది కోర్సు పేరొక్కటే. ఒకప్పుడు టాలీ, ఆ తర్వాత డిజిటల్ మార్కెటింగ్, మొన్నటిదాకా డేటా సైన్స్. అడుగున ఉండే భయం మాత్రం ‘చుట్టాల పిల్లలు కుదురుకున్నారు, మా వాడు వెనకబడిపోతాడేమో’ అన్నదే. మీ ఉత్తరంలో కూడా తోడల్లుడి కొడుకు వచ్చింది అందుకే. ఆ అబ్బాయి దారి అతనిది. ఇరవై ఏళ్ల వయసులో ఏడాది అటూ ఇటూ అయితే ఎవరి జీవితమూ పాడవదు.

ఇక టూల్ సంగతి. ఆక్టోపార్స్, పార్స్‌హబ్, క్రోమ్‌లో చేర్చుకునే వెబ్ స్క్రేపర్ ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ దాదాపు ఒకేలా పని చేస్తాయి. పేజీ తెరిచి ఒకటి రెండు వస్తువుల పేర్ల మీద నొక్కి చూపిస్తే మిగతావీ అలాంటివేనని టూల్ గుర్తుపడుతుంది. ధరల మీదా అలాగే నొక్కాలి. తర్వాతి పేజీకి వెళ్లే బటన్ ఎక్కడుందో చూపిస్తే తనే పేజీలు తిప్పుకుంటూ పోయి అన్నీ వరసగా పట్టికలో పెడుతుంది. కోడ్ రాయక్కర్లేదు. నేర్చుకోవడానికి సరిపడా పని ఈ మూడింటిలోనూ పైసా కట్టకుండా చేసుకోవచ్చు. ఎక్సెల్ తెలిసిన పిల్లవాడికి ఇది వారం పది రోజుల పని. దానికి నలభై ఐదు వేలు ఎందుకు కట్టాలి?

సాధన కోసమే పెట్టిన ‘బుక్స్ టు స్క్రేప్’ అనే సైట్ ఉంది. పేజీకి 20 చొప్పున 50 పేజీల్లో 1000 పుస్తకాలుంటాయి, ధరలు పౌండ్లలో ఉంటాయి. అక్కడ ఏదీ నిజంగా అమ్మరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. మీ వాణ్ని అక్కడ మొదలుపెట్టమనండి. వెయ్యి వరసల్లో ఒక్కటి తగ్గకుండా, ఏదీ రెండుసార్లు పడకుండా వచ్చాయో లేదో తనే సరిచూసుకోవాలి. నేర్చుకోవాల్సింది అసలు అక్కడే ఉంది.

ఇప్పుడు ఈ ‘ఇంట్లో కూర్చుని యాభై వేలు’ మీద నా అనుమానాలు దాచుకోకుండా చెబుతాను. పది రోజుల్లో ఎవరికైనా వచ్చే పనికి అంత డబ్బు ఎవరిస్తారు? ఫ్రీలాన్స్ సైట్లలో ఇదే పనికి అన్ని దేశాలవాళ్లూ పోటీ పడి రేటు తగ్గించుకుంటూ పోతారు. పైగా ఇది ఒకసారి అమర్చి వదిలేసే పని కూడా కాదు. సైటువాళ్లు పేజీ అమరిక కొంచెం మార్చారంటే చాలు, నిన్నటిదాకా చక్కగా నడిచింది ఇవాళ ఖాళీ గడులు ఇస్తుంది. గబగబా పేజీలు తెరిస్తే, వచ్చింది మనిషో కాదో తేల్చే చిన్న పరీక్ష (క్యాప్చా) పెడతారు, లేదంటే అసలు రానివ్వరు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది చట్టం సంగతి. తమ సైట్ల నుంచి ఇలా రోబోలతో, అంటే వాటంతట అవే పేజీలు తిరిగే ప్రోగ్రాములతో, డేటా తీసుకోవద్దని అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ తమ నిబంధనల్లోనే రాసుకున్నాయి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి డేటా తీసుకుంటే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చని 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. ఏ సైటైనా తన ఏ భాగాల్లోకి రోబోలు రాకూడదంటుందో చూడాలంటే ఆ సైట్ చిరునామా చివర /robots.txt (రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ) అని కొడితే చాలు. 1994 నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఇవేవీ చెప్పకుండా ‘ఏ సైట్ నుంచైనా లాగెయ్యొచ్చు’ అంటూ పిల్లల దగ్గర ఫీజు గుంజుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. రేపు చిక్కు వచ్చిపడితే జవాబు చెప్పుకోవాల్సింది పని చేసిచ్చిన పిల్లవాడే.

ఇంకో సంగతి, ఇది మీకు బాగా అర్థమవుతుంది. 750 వాట్ల మిక్సీల ధరల ఫైల్ ఒకటి చేతికొచ్చిందనుకోండి. రూపాయి గుర్తు, కామా అంటుకుని ఉన్న ధరను ఎక్సెల్ అంకెగా చదవకపోతే కూడినా సున్నాయే వస్తుంది. ఒక వరసలో కొట్టేసిన ఎమ్మార్పీ, ఇంకో వరసలో అమ్మే ధర, మరో వరసలో నెలసరి ఈఎంఐ, అన్నీ ‘ధర’ కిందే పడి ఉంటాయి. ప్రకటనలో కనిపించిన మిక్సీయే కింద మళ్లీ వచ్చి రెండుసార్లు లెక్కలో చేరుతుంది. మూడు జార్ల మోడల్‌నీ నాలుగు జార్ల మోడల్‌నీ పక్కపక్కన పెట్టి ‘ఇది చవక’ అనేస్తుంది ఆ పట్టిక. తక్కెడ పట్టడం వచ్చినంత మాత్రాన వ్యాపారం రాదని మీకు నేను చెప్పాలా? ఆ ఫైల్లో ఏది నమ్మాలో, ఏది తీసెయ్యాలో తెలిసిన మనిషికే కంపెనీలు జీతమిస్తాయి.

ఆ తెలివి ఎక్కడ దొరుకుతుందో చెప్పే ముందు మిమ్మల్ని నాలుగు మాటలు అనక తప్పదు. ఏ మోడల్ మీద డీలర్ ధర ఎంత, దసరా స్కీము పోను ఎంత మిగులుతుంది, వేలూరు అంగళ్లలో ఎంతకిస్తున్నారు, ఇవన్నీ మీకు నోటికి వచ్చు. ‘ఆన్‌లైన్‌లో ఇంతకే ఉందే అన్నా’ అని ఫోన్ చూపించి బేరమాడేవాళ్లు మీకు రోజూ తగులుతారు. మీ కొడుకు నేర్చుకుంటానంటున్నది సరిగ్గా ఆ ధరల పనే కదా! ‘ఏంట్రా ఆ టూల్, మన అంగడికేమైనా పనికొస్తుందా’ అని ఒక్కసారైనా అడిగారా? వాడికి ఏ కోర్సులోనూ దొరకని పాఠం మీ గల్లాపెట్టె దగ్గరుంది. దాన్ని వాడికి అందకుండా పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడని సణుగుతున్నారు. ఇది న్యాయం కాదండీ.

అంగట్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఇరవై మోడళ్లు వాడికి చెప్పండి. వారానికోసారి వాటి ఆన్‌లైన్ ధర, మీ ధర, స్కీము ఒక షీట్‌లో వాడే చేత్తో ఎక్కిస్తాడు. ఇరవై మోడళ్లకు టూల్ అక్కర్లేదు, ఎవరి నిబంధనా దాటినట్టు కాదు. మూడు నెలలు గడిస్తే ఏది ఎప్పుడు తగ్గుతోందో మీకే తెలుస్తుంది.

పెద్ద డేటా కావాలంటే మనవైపే ఉంది. మదనపల్లె టమోటా చూడండి. 2023 జులైలో కిలో వంద దాటింది, కొన్ని వారాలకే మళ్లీ దిగొచ్చింది. మార్కెట్ యార్డుల కనిష్ఠ, గరిష్ఠ ధరల్నీ, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరనీ కేంద్ర ప్రభుత్వం అగ్‌మార్క్‌నెట్ అనే సైట్‌లో క్వింటాలు లెక్కన పెడుతుంది. ప్రభుత్వ డేటా సైట్ డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు నమోదు చేసుకుంటే ఏపీఐ కీ (ప్రోగ్రాము నేరుగా డేటా అడిగి తెచ్చుకునేందుకు ఇచ్చే తాళంచెవి లాంటి కోడ్) ఉచితంగా ఇస్తారు, దాంతో రోజువారీ ధరలు దర్జాగా తెచ్చుకోవచ్చు. మదనపల్లె, కోలారు ధరలు ఆరు నెలలవి పక్కపక్కన పెట్టి ఎందుకు తేడా వచ్చిందో రెండు పేజీలు రాశాడంటే, ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది. దీని తర్వాత ఎక్సెల్‌లో పెద్ద పట్టికను కుదించి చూపే పివట్ టేబుళ్లు, ఆపైన డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ప్రైసింగ్ అనలిస్ట్, డేటా అనలిస్ట్ ఉద్యోగాలకు దారి అటు నుంచే.

ఎంబీఏకి నేను అడ్డు చెప్పను. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ సంగతులు మీకు తెలిసినవే, దరఖాస్తు వేసి ఉంచండి. టూల్ పది రోజుల పని, ఎంబీఏ రెండేళ్ల చదువు. ఒకటి పట్టుకుంటే రెండోది వదలాల్సిన పని లేదు. ధరల మీద ఇంత పని చేసి వెళ్లిన పిల్లవాడికి అక్కడి మార్కెటింగ్ పాఠం పుస్తకం తెరవకముందే సగం అర్థమవుతుంది. ఎందుకు చదువుతున్నాడో తెలియకుండా పంపితే మాత్రం రెండేళ్ల తర్వాత మీరు నాకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తారు.

ఫీజు ఇంకా కట్టకపోతే, ఆ సంస్థవాళ్లను మీ వాడి చేతే అడిగించండి: నేర్పే సాధన ఏ సైట్ల మీద, ఆ సైట్ల అనుమతి ఉందా, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, యాభై వేలు సంపాదిస్తున్న పాత విద్యార్థితో మాట్లాడిస్తారా. జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే కట్టకండి.