మానని మోచేతి పుండు: నాచు వల్ల కూడా కావచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. వరి సాగు చేస్తారు, షుగర్ ఉంది. ఏడు నెలలుగా మోచేతి మీద ఎర్రటి మచ్చ, దానిపై బుడిపెలు, అక్కడక్కడా రసి. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే ముందు తగ్గి తర్వాత ఇంకా పాకింది. గుంటూరులో స్కిన్ డాక్టరు గారు పరీక్షకు చర్మం ముక్క (బయాప్సీ) తీయాలంటున్నారు. ‘ప్రోటోథీకా’ అనే నాచు కూడా కావచ్చట. నాచు ఒంటికి పడుతుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పడుతుంది, కాకపోతే చాలా అరుదు. ప్రోటోథీకా పత్రహరితం లేని నాచు. మట్టిలో, మురుగునీటిలో ఉంటుంది, గీసుకున్న చోట చర్మంలోకి దిగుతుంది. మనిషిలో దీన్ని మొదట 1964లో నమోదు చేశారు: సియెర్రా లియోన్‌లో ఓ వరి రైతు పాదం మీద. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఆ ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గిస్తుంది, లోపలి క్రిమికి దారి వదులుతుంది. ఇక రాయకండి, ట్యూబు మాత్రం డాక్టరుకు చూపించండి.

చర్మ క్షయ, స్పోరోట్రైకోసిస్ (ఒక ఫంగస్ జబ్బు) కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి పైకి చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. ముక్క తీయాల్సిందే. మత్తు సూది వేసి 4 మిల్లీమీటర్ల పంచ్ అనే గుండ్రటి బ్లేడుతో తీస్తారు, పెద్ద నొప్పి ఉండదు. అసలు చిక్కు ఆ తర్వాతే. రెండు ముక్కలు కావాలి: ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి (మైక్రోస్కోపు కింద చూడటానికి), రెండోది స్టెరైల్ సెలైన్‌లో మైక్రోబయాలజీకి (కల్చర్, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూడటానికి). రెండూ ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌లో ఏమీ పెరగదు.

ల్యాబుకు పంపే చీటీ మీద ‘ప్రోటోథీకా అనుమానం’ అని రాయించండి. మైక్రోస్కోపు కింద చూసేందుకు ముక్కకు వేసే మామూలు రంగుల్లో ఇది సులువుగా తప్పించుకుంటుంది. పీఏఎస్, జీఎంఎస్ అనే ప్రత్యేక రంగులు వేస్తే గుండ్రటి కణం లోపల చిన్న కణాలు కిక్కిరిసి, పైనుంచి చూసిన సీతాఫలంలా కనిపిస్తుంది. ఫంగస్‌లో కనిపించే మొగ్గలు, పోగులు దీనికి ఉండవు. కల్చర్‌కు సైక్లోహెక్సిమైడ్ అనే మందు కలపని సబురాడ్ అగార్ (క్రిములను పెంచే జెల్లీ) వాడాలి. ఆ మందు దీన్ని పెరగనివ్వదు. రెండు మూడు రోజుల్లో తెల్లటి మీగడ లాంటి కాలనీలు వస్తాయి. వాటిని ‘కాండిడా’ అనే మామూలు ఫంగస్ అని పక్కన పెట్టేయడం జరుగుతుంటుంది. అందుకే క్రిమిని గుర్తించే వైటెక్ లేదా మాల్డీటాఫ్ యంత్రంతో పేరు తేల్చమని అడగండి.

తేలితే, చిన్న మచ్చనైతే కోసి తీసేయొచ్చు. లేదంటే ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు నెలల తరబడి వాడాల్సి రావచ్చు. క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు దాన్ని ఒంటికి పట్టనివ్వవు. గుండె బలహీనత ఉన్నా, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. మధ్యమధ్య లివర్ పరీక్ష చేయించాలి.