హాల్లోంచి ఫోనులోకి ఇంత త్వరగా ఎందుకు?

అమలాపురంలో వాల్‌పోస్టరు చిరగకముందే ఆ సినిమా ఓటీటీలోకి ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు స్టూడియోల లెక్కల్లో ఉంది. ఇతరులకు అమ్ముకునే సినిమా హక్కులను తమ చందాదారుల కోసం అట్టేపెట్టుకోవాలని హాలీవుడ్ స్టూడియోలు డిస్నీ 2019లో, వార్నర్ 2020లో సొంత ఓటీటీ వేదికలు తెరిచాయి. వార్నర్ 2021 నాటి తన సినిమాలను అమెరికాలో హాళ్లలోనూ తన వేదిక హెచ్‌బీవో మ్యాక్స్‌లోనూ ఒకే రోజు విడుదల చేసి (తొందరపాటే అనాలి), మరుసటి ఏడాది హాలు విడుదలకూ ఓటీటీకీ మధ్య 45 రోజుల వ్యవధికి మళ్లింది. చందాలొక్కటే ఖర్చుకు చాలక, 2022 చివర్లో డిస్నీ ప్రకటనలతో కూడిన చవక ప్లాను పెట్టగా, 2023లో వార్నర్ తన హెచ్‌బీవో చానల్ ధారావాహికలు కొన్నింటిని పోటీదారైన నెట్‌ఫ్లిక్స్‌కే ఇచ్చింది. తెలుగులో అల్లు అరవింద్ 2020లో ఆహా మొదలుపెట్టినా, సొంత వేదిక లేని నిర్మాతలు డిజిటల్ హక్కులను తరచుగా విడుదలకు ముందే అమ్ముతారు కాబట్టి, భీమవరం, పాలకొల్లు హాళ్లకు చాలా సినిమాలపై దక్కేది కొద్ది వారాలే.