రాని పన్ను వెనక ఏముందో చూడమ్మా

అమ్మాయీ, ఆశీస్సులు.

పదమూడేళ్ల పిల్లాడికి ఒకవైపు శాశ్వత కోరపన్ను వచ్చి ఆరు నెలలు దాటినా, రెండోవైపు పాలపన్ను కదలకుండా కూర్చుందనుకో. నొప్పి లేదు, వాపు లేదు. ‘ఆలస్యంగా వస్తుందిలెండి’ అని పంపేయకు, పాలపన్ను పీకేసి ఎదురుచూడనూవద్దు. ముందు ఎక్స్‌రే తియ్యి. ఈ వయసులో పన్ను దారికి అడ్డంపడే గడ్డల్లో తరచూ కనిపించేది ఓడోంటోమా, అంటే పన్ను పదార్థంతోనే ఏర్పడే గడ్డ. అది క్యాన్సర్ కాదన్న మాట తల్లికి మొదటి రోజే చెప్పు. గడ్డ అనగానే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది.

ఎక్స్‌రేలో చిట్టి పళ్లు గుత్తిగా కనిపిస్తే కాంపౌండ్ రకం ఓడోంటోమా, ఎక్కువగా పై దవడ ముందు భాగంలో ఉంటుంది. ఆకారం లేని తెల్లటి ముద్ద అయితే కాంప్లెక్స్, అది ఎక్కువగా కింది దవడ వెనక. రెండింటి చుట్టూ సన్నటి నల్ల అంచు ఉంటుంది. రాని కోరపన్ను చుట్టూ నల్ల సంచి, అందులో మంచు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు ఉంటే అడినోమటాయిడ్ ఓడోంటోజెనిక్ ట్యూమర్ అనే మరో పన్ను గడ్డని గుర్తుచేసుకో. చుక్కలు లేని సంచిని డెంటిజెరస్ సిస్ట్ (రాని పన్ను చుట్టూ ఏర్పడే నీటి సంచి) అని బయాప్సీ లేకుండా, అంటే ముక్క తీసి పరీక్షించకుండా, ఖాయం చేయకు, దవడ ఎముకను తినేసే అమెలోబ్లాస్టోమా గడ్డ కూడా అలాగే కనిపించగలదు. ఒకే నోట్లో చాలా ఓడోంటోమాలు, దవడ మీద ఎముక బుడిపెలు ఉంటే పెద్దపేగులో బుడిపెలు పెరిగే వంశపారంపర్య జబ్బు గార్డ్‌నర్ సిండ్రోమ్‌ని అనుమానించి పెద్దపేగు పరీక్షకు పంపు.

గడ్డ అంగిలి వైపుందో పెదవి వైపుందో తెలియాలి. సీబీసీటీ (దవడ త్రీడీ స్కాన్) లేకపోతే ఎక్స్‌రే ట్యూబ్ జరిపి రెండు ఫిల్ములు తియ్యి. ట్యూబ్‌తోపాటే జరిగింది అంగిలి వైపు, ఎదురు జరిగింది పెదవి వైపు.

మత్తు ఆ చోటికిస్తే చాలావరకు సరిపోతుంది. చిగురును పొరలా (ఫ్లాప్) లేపి, సెలైన్ పోస్తూ పైనున్న ఎముకను బర్‌తో (డ్రిల్ మొనతో) తీస్తే గడ్డ పొరతో సహా సులువుగా విడివడుతుంది. గడ్డను పెకలించే ఎలివేటర్ పరికరాన్ని అసలు పన్ను మెడకు తగలనివ్వకు. చిట్టి పళ్లను ట్రేలో లెక్కపెట్టు. ఫిల్ములో ఒకదానిమీద ఒకటి పడి తక్కువగా కనిపిస్తాయి, అందుకే లెక్క సరిపోయినా కుట్లకు ముందు మరో ఎక్స్‌రే తప్పదు. ఒక్కటి మిగిలినా పన్ను అక్కడే ఆగిపోవచ్చు. పెద్ద కాంప్లెక్స్ ముద్దను బలవంతంగా పెకలిస్తే దవడే విరగొచ్చు, ముక్కలు చేసి తియ్యి. తీసిందంతా పది శాతం ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపు.

గడ్డ తీయడంతో పని అయిపోదు. పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌తో ఆపరేషన్‌కు ముందే మాట్లాడు. వేరు కొన ఇంకా మూసుకోకపోతే, దారి ఖాళీగా ఉంటే, పన్ను దానంతటదే దిగే అవకాశం ఎక్కువ. అప్పుడు చోటు మూసుకుపోకుండా కాపాడుతూ మూడు నెలలకోసారి చూడు. వేరు పూర్తయి ఉంటే పన్నును దాని చోటికి లాగడానికి అదే ఆపరేషన్‌లో దానికి బటన్, గొలుసు అతికించు, లేకపోతే పిల్లాణ్ణి మళ్లీ కోయాల్సివస్తుంది. ఎచింగ్ చేసిన, అంటే అతుక్కోవడానికి ఆమ్లంతో గరుకు చేసిన, ఎనామిల్ మీద నెత్తుటి చుక్క పడినా బటన్ ఊడిపోతుంది. గాజుగుడ్డతో నొక్కిపట్టి, రక్తం పూర్తిగా ఆగాకే అతికించు.