బాప్తిస్మానికి ముందు లెక్క చూసుకోవడంలో తప్పేమీ లేదు

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో ఉద్యోగం, హిందూ కుటుంబం, కొంతకాలంగా చర్చికి వెళ్తున్నారు, బాప్తిస్మం తీసుకోవాలని ఉంది. "యేసును వెంబడిస్తే నిజంగా ఏం పోగొట్టుకోవాల్సి వస్తుంది? రోజువారీ బతుకులో అది ఎలా ఉంటుంది? సంఘంలో అడిగితే అంతా ఆశీర్వాదమే అంటున్నారు" అని అడిగారు.

అడగడమే మంచిది. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసే అంటాడు. అదీ తన వెనక గుంపులు గుంపులుగా వస్తున్న జనం వైపు తిరిగి. ఇప్పటి కూటాల్లో ఆ అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువే వింటాం.

నేను ఒంగోలులో టైల్స్ షాపు నడుపుతాను. డిగ్రీ చదివేటప్పుడు విశ్వాసంలోకి వచ్చాను. మా ఇంట్లో ఇప్పటికీ నేనొక్కడినే. నాకు తెలిసినంతలో, ఈ ఖర్చులో పెద్ద భాగం మన జేబులోంచి పోదు, మన అన్నవాళ్ళ మీద పడుతుంది. ఈ సంగతి మనకు ముందుగా ఎవరూ చెప్పరు.

మా నాన్న పోయినప్పుడు పెద్దకొడుకుగా తలకొరివి పెట్టాల్సింది నేను. పెట్టలేనని తమ్ముడికి ముందే చెప్పాను, వాడే పెట్టాడు. పాడె మోశాను, పెద్దకర్మ దాకా ఇల్లు కదల్లేదు, వచ్చినవాళ్ళకు భోజనాలు చూశాను, ఖర్చులో సగం పెట్టాను. అయినా "కన్నతండ్రికి కొరివి పెట్టని కొడుకు" అన్న మాట రానే వచ్చింది. ఆ మాట నా మొహం మీద అని ఉంటే పడేవాణ్ణి. మా అమ్మతో అన్నారు. అసలే భర్త పోయి కూర్చున్న మనిషి, నా నమ్మకానికి ఆమె మాటలు పడింది. ఆ మాట అన్న పెద్దాయన ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురుపడతాడు. శత్రువుల కోసం ప్రార్థన చేయమన్న మాట చదవడం తేలికే. ఆయన పేరు తలుచుకుని ప్రార్థన మొదలుపెడితే మాత్రం కొన్ని రోజులు నోరు పెగలదు.

ఆస్తి గురించి మీరు అడగలేదు గానీ తెలుసుకోండి. మతం మారినంత మాత్రాన తండ్రి ఆస్తిలో మీ వాటా పోదు. కానీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మీరు మారాక పుట్టిన పిల్లలకు మీ హిందూ బంధువుల నుంచి వారసత్వం రాదు, ఆ వారసత్వం తెరుచుకునే నాటికి, అంటే ఆ బంధువు పోయే నాటికి, వాళ్ళు హిందువులైతే తప్ప. వీలునామా రాస్తే అది వేరే సంగతి. మీరు ఎస్సీ అయితే ఇంకో బరువైన లెక్క ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఎస్సీ హోదా. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీల్లో సీ గ్రూపు కిందికి వస్తారు, అక్కడున్న రిజర్వేషన్ ఒక్క శాతం. కులం మాత్రం చర్చి గేటు దాకా వెంటే వస్తుంది, కొన్నిచోట్ల లోపలికీ వస్తుంది. ఈ ధర పెట్టింది క్రీస్తు కాదు, చట్టం. పిల్లల చదువు కోసం కాగితం మీద పాత మతమే ఉంచుకుని ఆదివారం చర్చికి వచ్చేవాళ్ళను నేను తప్పుపట్టలేను. అలాగని అబద్ధపు సర్టిఫికెట్ తీసుకోమనీ మీకు చెప్పలేను.

ఇక రోజువారీ సంగతి. తెల్లవారుజామున బైబిలు, రాత్రి ఇంటి ప్రార్థన, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాల్లో ఉపవాసం, ఇవి కొన్నాళ్ళకు అలవాటైపోతాయి, ఖర్చు కింద రాయను. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు కానుక, మీ మనసుకు తోచినట్టు ఇవ్వండి. ఇస్తే రెట్టింపై తిరిగొస్తుందని ఎవరైనా చెప్తే మాత్రం అది చిట్‌ఫండ్ లెక్క, దూరంగా ఉండండి.

నాకు అసలు ఖర్చు షాపులో తగులుతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ళు రాగానే అడిగేది "బిల్లు లేకుండా ఎంతకిస్తారు?" అని. టైల్స్ మీద జీఎస్టీ 18 శాతం. రెండు లక్షల సరుకుకు ముప్పై ఆరు వేలు తేడా. ఇంకో షాపుకెళ్తే కచ్చా చీటీ మీద ఇచ్చేస్తారు. నేను బిల్లు వేస్తానంటే నవ్వి వెళ్ళిపోతారు, వాళ్ళను తీసుకొచ్చిన మేస్త్రీ మళ్ళీ నా వైపు రాడు. (బిల్లు వేసే హిందువుల షాపులూ ఉన్నాయి, ఇదేమీ క్రైస్తవుల గుత్తసొత్తు కాదు. వాళ్ళ కారణం వాళ్ళది, నా కారణం నాది.) దీన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పమని ఎవరూ పిలవరు. గోడౌన్ అద్దె కట్టే రోజున మాత్రం గట్టిగా గుర్తొస్తుంది. రేపు ఇంకొకరొచ్చి అదే అడుగుతారు, నిన్న కాదన్నానని ఇవాళ మినహాయింపు దొరకదు. సిలువను ప్రతిదినం ఎత్తుకోమన్న మాట నాకు అర్థమయ్యేది ఆ కౌంటర్ దగ్గరే.

మా ఒంగోలు ప్రాంతంలో ఇది కొత్త కాదు. 1860ల చివర్లో ఇక్కడ మాదిగలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర మిషన్‌లో చేరినప్పుడు వాళ్ళు పాటించాల్సినవి మూడు: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కోతల రోజుల్లో ఆదివారం పనికి రానన్న పాలేరును ఆసామి ఏం చేస్తాడో, జాతరకు డప్పు కొట్టబోమన్నవాళ్ళను ఊరు ఎలా చూస్తుందో ఆలోచించండి. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు ఇవ్వలేదు. తర్వాత 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కానీ సాయం అందుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారేమోనని. అది ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు ఆ ఆపేసిన నెలలంటేనే ఎక్కువ గౌరవం.

ఒక సంగతిలో మాత్రం మీరు అనవసరంగా నష్టపోవద్దు. కొత్తగా వచ్చినవాళ్ళలో కొందరు పక్కింటావిడ ప్రేమగా తెచ్చిన ప్రసాదాన్ని ఆమె ఎదుటే విదిలించి, ఆమె మాట్లాడటం మానేస్తే "హింస పడుతున్నాం బ్రదర్" అంటారు. అది సిలువ కాదు, మర్యాద లేకపోవడం. నేను "మన్నించండి పిన్నిగారూ, నేను తీసుకోను" అని చెప్పి కూర్చోబెట్టి కాఫీ ఇస్తాను. విగ్రహాలకు అర్పించిన తిండి గురించి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు మీరే చదువుకుని నిర్ణయించుకోండి. ఇందులో విశ్వాసులందరిదీ ఒకటే మాట కాదు.

బాప్తిస్మం తేదీ గురించి పాస్టరు గారు తొందరపెడుతున్నారని కూడా రాశారు. ఇంట్లో మాట్లాడేదాకా ఆగమని ఆయనతో చెప్పండి, మంచి కాపరి అయితే ఆగుతారు. ముందు ఊరెళ్ళి అమ్మానాన్నలకు మీ నోటితో చెప్పండి, ఫోన్‌లో వద్దు. వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కానీ సంఘం వాట్సాప్ గ్రూపులోని ఫొటో ఎవరో బంధువు పంపితే వాళ్ళకు తెలిసే పరిస్థితి మాత్రం రానివ్వకండి.