రేస్ కారు ఐడిల్‌లో బాగుంటుంది, ట్రాక్ మీద 5000 ఆర్‌పీఎం దాటితే మిస్సింగ్ (ఇంజన్ మధ్యమధ్యలో మండకుండా తడబడడం) వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి నా మొదటి అనుమానం ఇగ్నిషన్ మీదే, అంటే స్పార్క్ ఇచ్చే భాగాల మీద. ఫుల్ థ్రాటిల్‌లో సిలిండర్‌లోకి గాలి ఎక్కువగా వెళ్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్‌లో ప్లగ్ గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి బలహీనపడ్డ కాయిల్ (ప్లగ్‌కి ఆ వోల్టేజ్ ఇచ్చేది) ఐడిల్‌లో దొరక్కుండా సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ఏ సిలిండరో తెలిస్తే (కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ చెప్పొచ్చు; ఐడిల్‌లో ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే మాత్రం దొరకదు, అక్కడ అన్ని సిలిండర్లూ బాగానే మండుతున్నాయి), దాని కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి. మిస్సింగ్ కూడా కాయిల్‌తోపాటు పక్కకి వెళ్తే దొంగ దొరికినట్టే.

వెళ్లకపోతే ప్లగ్ తీసి చూడండి. పెట్రోల్‌తో తడిగా ఉంటే అది మండడం లేదు, నల్లటి పొడి మసి ఉంటే మిక్స్చర్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ), తెల్లగా కాలిపోయి ఉంటే లీన్ (పెట్రోల్ తక్కువ) కావచ్చు, అప్పుడు కారు ఇంకో ల్యాప్ తిప్పకండి, పిస్టన్ పోతుంది. టర్బో ఉంటే గ్యాప్ కాస్త తగ్గించి చూడండి, ఒక్కోసారి అంతే సరిపోతుంది.

మిస్సింగ్ మలుపుల్లోనే వస్తుంటే మాత్రం కథ వేరు. ట్యాంక్‌లో పెట్రోల్ తక్కువున్నప్పుడు అదంతా ఒక పక్కకి ఒరిగి పంప్ గాలి పీలుస్తుంది. ట్యాంక్ నింపి అదే మలుపు తీసుకుంటే తేలిపోతుంది.

ఇవేవీ కాకపోతే కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ప్రెషర్ పట్టి ఉంచుతోందో కొలవడం. ఒక్కసారే నాలుగు పార్టులు మార్చేయకండి, ఏది తప్పో ఎప్పటికీ తెలీదు.