వలస కాలపు ఆస్ట్రేలియా ఓడ ఉత్తరాల సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి? కవరును ఎలా చదవాలి?

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మీ మేనమామగారు అక్కడి పాత వస్తువుల సంతలో కొని, 1860ల నాటి కవర్లు రెండు మీకు పంపారని రాశారు. ఇన్నాళ్లూ విడి స్టాంపులే దాచుకున్న మీకు ఇప్పుడు ఆస్ట్రేలియా వలస రాజ్యాల ఓడ ఉత్తరాల మీద మనసు పడిందని, స్టాంపులను నీళ్లలో నానబెట్టి ఊడదీయవచ్చా, అసలుకూ నకిలీకీ తేడా ఎలా తెలుస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. విశాఖపట్నంలో ఉంటూ పద్దెనిమిదేళ్లుగా ఈ కవర్లనే కూడబెడుతున్నాను కనుక నా అనుభవంలో తెలుసుకున్నది చెబుతాను.

దయచేసి స్టాంపులను ఊడదీయకండి. ఆ కాలపు విక్టోరియా ఆరు పెన్నీల స్టాంపు విడిగా చాలా చోట్ల చవకగా దొరుకుతుంది. అదే స్టాంపు కవరు మీద ఉన్నప్పుడు, దాని మీద పడిన రద్దు ముద్ర, పక్కన చేతిరాతలో ఉన్న ఓడ పేరు, వెనకవైపు మజిలీల ముద్రలు అన్నీ కలిసి ఆ ఉత్తరం ఏ దారిన, ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుతో ప్రయాణం చేసిందో చెబుతాయి. నానబెట్టిన మరుక్షణం ఆ సాక్ష్యమంతా చెదిరిపోతుంది, మళ్లీ అతికించినా తిరిగి రాదు. మా గురువుగారొకరు తన చిన్నతనంలో పెట్టెడు కవర్ల నుంచి స్టాంపులు ఊడదీసి, కాగితాలను పొయ్యిలో వేశానని చెప్పినప్పుడల్లా కళ్లు తుడుచుకునేవారు.

ఇక ఓడ ఉత్తరం అన్న మాటకు ఈ రంగంలో ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. సముద్రం దాటి వచ్చిన ప్రతి ఉత్తరమూ ఓడ ఉత్తరం కాదు. తపాలా శాఖతో ఒప్పందం చేసుకుని, నిర్ణీత తేదీకి బయలుదేరి, మూసి సీలు వేసిన సంచులను మోసుకెళ్లే ఓడల్లో వెళ్లినవి ప్యాకెట్ ఉత్తరాలు. ఒప్పందమేదీ లేని వర్తకపు ఓడలో, కెప్టెన్ చేతికి అప్పగిస్తే వెళ్లినవి ఓడ ఉత్తరాలు. రేవు చేరాక కెప్టెన్ వాటిని తపాలా కార్యాలయానికి అప్పగించి, ఉత్తరానికి ఇంత అని పుచ్చుకునేవాడు. అక్కడే వాటి మీద ‘షిప్ లెటర్’ అన్న ముద్ర పడేది. సిడ్నీలో ఈ ఏర్పాటుకు పునాది పడింది 1809లో. అంతకుముందు ఓడ లంగరు వేయగానే జనం ఎగబడి ఎవరికి చిక్కిన ఉత్తరాలు వారు పట్టుకుపోయేవారు, వాటిలో ఇతరుల ఉత్తరాలు కూడా ఉండేవి. ఆ గందరగోళాన్ని ఆపడానికి ఐజాక్ నికల్స్‌ను పోస్ట్‌మాస్టర్‌గా నియమించారు. ఆయన ఓడ ఎక్కి ఉత్తరాలు తెచ్చి, జార్జ్ వీధిలోని తన ఇంటి నుంచే ఉత్తరానికి ఒక షిల్లింగు చొప్పున తీసుకుని పంచేవాడు. ఆయన శిక్ష పడి అక్కడికి చేరిన ఖైదీ, తరువాత విడుదలై పెద్ద వ్యాపారి అయ్యాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి సిడ్నీ పాత ఓడ ముద్ర ఏది చూసినా నాకు ముందుగా ఆ ఇల్లే గుర్తుకు వస్తుంది.

స్టాంపులు చాలా తరువాత వచ్చాయి. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా 1850 జనవరిలోను, వాన్ డీమెన్స్ ల్యాండ్ (ఇప్పటి టాస్మానియా) 1853లోను, పశ్చిమ ఆస్ట్రేలియా 1854లోను, దక్షిణ ఆస్ట్రేలియా 1855లోను, క్వీన్స్‌లాండ్ 1860లోను తమ తమ స్టాంపులను వేసుకున్నాయి. 1901లో సమాఖ్య ఏర్పడే వరకు ఇవన్నీ వేరు వేరు తపాలా శాఖలే. కాబట్టి ‘ఆస్ట్రేలియా ఓడ ఉత్తరాలు’ అంటే నిజానికి ఆరు సేకరణలు, అన్నింటినీ ఒకేసారి తలకెత్తుకుంటే దేనికీ న్యాయం చేయలేరు.

మీ కవర్లు 1860ల నాటివి కనుక ఆ కాలపు దారి కాస్త వివరంగా చెప్పాలి. 1852 ఆగస్టులో పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ వారి చూసాన్ అనే ఆవిరి ఓడ సిడ్నీ చేరడంతో ఒప్పందపు ఆవిరి ఓడల సర్వీసు మొదలైంది. క్రిమియా యుద్ధానికి ఓడలు అవసరమై అది మధ్యలో ఆగింది, మరొక కంపెనీ చేపట్టి చేతులెత్తేసింది, చివరికి 1859లో మళ్లీ పీ అండ్ ఓ చేతికే వచ్చింది. ఆ తరువాత సింహళంలోని గాల్ రేవు అసలైన కూడలి అయింది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్, పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింగ్ జార్జ్ సౌండ్ రేవు మీదుగా వచ్చిన ఓడ గాల్‌లో సంచులు దించితే, కలకత్తా, మద్రాసుల నుంచి సూయజ్‌కు వెళ్లే పెద్ద ఓడ వాటిని ఎక్కించుకునేది. సూయజ్ కాలువ తవ్వకం 1869లో గానీ పూర్తి కాలేదు కనుక సూయజ్ నుంచి అలెగ్జాండ్రియా దాకా నేల మీద మోసి, అక్కడ మరో ఓడ ఎక్కించేవారు. అక్కడి నుంచి రెండు దారులు ఉండేవి. జిబ్రాల్టర్ చుట్టి సౌతాంప్టన్ చేరేది నిదానమైన దారి. మార్సెయ్‌లో దిగి ఫ్రాన్స్ గుండా రైలులో వెళ్లేది కొద్ది రోజులు ముందుగా చేరే దారి, దీనికి ఖర్చు ఎక్కువ. 1860ల మధ్యలో అర ఔన్సు ఉత్తరానికి సౌతాంప్టన్ దారిన 6 పెన్నీలు, మార్సెయ్ దారిన 10 పెన్నీలు పడేది. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్, దక్షిణ ఆస్ట్రేలియా మూడింటికీ దాదాపు ఒకే కాలంలో 10 పెన్నీల స్టాంపు ఎందుకు కావలసి వచ్చిందో విడి స్టాంపుల ఆల్బమ్‌లో చూస్తే ఎప్పటికీ తెలియదు. ‘వయా మార్సెయ్’ అని మూలన రాసి ఉన్న ఒక్క కవరు చూస్తే తెలిసిపోతుంది. 1870లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో ఉత్తరాలు ఇటలీలోని బ్రిందిసి దారి పట్టాయి. అందుకే ఆ తరువాతి కవర్ల మీద ‘వయా బ్రిందిసి’ కనిపిస్తుంది.

కవరును చదవడమంటే చెల్లించిన రుసుము, రాసిన దారి, ముద్రల్లోని తేదీలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అని చూడడమే. ఈ మూడూ పొసిగితే స్టాంపు అంచు చిరిగినా నేను కొంటాను, పొసగకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను. ఈ నియమం నాకు డబ్బు పోగొట్టుకున్నాక అబ్బింది.

సేకరణ మొదలుపెట్టిన రెండో ఏడాది ఒక అమ్మకందారు దగ్గర పద్నాలుగు వేల రూపాయలకు ఒక కవరు కొన్నాను. ఆరు పెన్నీల విక్టోరియా స్టాంపు, దాని మీద మెల్‌బోర్న్‌దైన ‘1’ అంకె ముద్ర, ఎడమ దిగువన ఒక తెరచాప ఓడ పేరు, ముందువైపు నల్లటి ‘షిప్ లెటర్’ ముద్ర, వెనక లండన్ ఎర్ర ముద్ర. చూడగానే ముచ్చటేసింది, ఇంటికి వచ్చి ఆల్బమ్‌లో మొదటి పేజీలో పెట్టాను. కొన్ని నెలల తరువాత వివరణ రాద్దామని కూర్చుని తేదీలు లెక్కపెడితే, మెల్‌బోర్న్ ముద్రకూ లండన్ ముద్రకూ మధ్య 52 రోజులే ఉన్నాయి. తెరచాప ఓడల్లో పేరు పొందిన లైట్నింగ్ 1854లో మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్‌కు 63 రోజుల్లో చేరితేనే దాన్ని రికార్డుగా చెప్పుకున్నారు. ఏ గొప్పా లేని ఒక వర్తకపు ఓడ దక్షిణ అమెరికా కొసనున్న హార్న్ అగ్రం చుట్టి 52 రోజుల్లో ఎలా చేరుతుంది? అప్పుడు భూతద్దం పట్టి చూశాను. చిరునామా రాసిన సిరా గోధుమరంగుకు తిరిగి కాగితం పోగుల్లో ఇంకిపోయి ఉంది. ఓడ పేరు రాసిన సిరా మాత్రం కవరు మడత దగ్గర అరిగిన పోగుల మీదికి పాకి ఉంది, అంటే మడత అరిగిన తరువాత రాసినదే. ‘షిప్ లెటర్’ ముద్ర సిరా కూడా పైపైనే నిలిచింది. నిజానికది గాల్ మీదుగా ఆవిరి ఓడలో సక్రమంగా వెళ్లిన మామూలు కవరు. ధర పెంచడానికి ఎవరో దానికి ఒక ఓడ పేరును, ఒక ముద్రను జోడించారు. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. ఆ కవరును నేను పారేయలేదు, కొత్తగా వచ్చేవారికి చూపించడానికి విడిగా ఉంచాను.

నా అనుమానాన్ని పూర్తిగా తీర్చింది ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారు ఉచితంగా అందుబాటులో ఉంచిన ట్రోవ్. అందులో మెల్‌బోర్న్ పత్రిక ఆర్గస్, సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్, ఇంకా ఎన్నో ఊళ్ల పాత పత్రికలను పుట పుటా చదవవచ్చు. ఆ రోజుల్లో ప్రతి పత్రికా ఏ ఓడ వచ్చింది, ఏది వెళ్లింది, ఏది రేవులో సరుకు ఎక్కించుకుంటోంది, టపా సంచులను ఎన్ని గంటలకు మూస్తారు అనేది రోజూ అచ్చువేసేది. నా కవరు మీద పేరున్న ఓడ, ముద్ర తేదీకి పది రోజుల తరువాత కూడా మెల్‌బోర్న్ రేవైన హాబ్సన్స్ బేలో సరుకు ఎక్కించుకుంటూనే ఉంది. ఇంట్లో కూర్చుని ఇంత సోదా చేయగలిగినప్పుడు, కొనే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించకపోవడం తప్పే అవుతుంది.

అదే పద్ధతిలో చూసి కొన్న మరొక ఉత్తరం నా సేకరణలో నాకు అన్నిటికంటే ప్రియమైనది. సిడ్నీ నుంచి మద్రాసులోని ఒక వర్తక సంస్థకు వెళ్లిన మడత ఉత్తరం అది. స్టాంపు మూల చిరిగి ఉండడం వల్ల వేలంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వెనకవైపు గాల్ ముద్ర, దానికి మూడు రోజుల తరువాతి మద్రాసు ముద్ర స్పష్టంగా ఉన్నాయి. సిడ్నీ నుంచి గాల్ దాకా పట్టిన రోజులు పత్రికలోని ఓడ తేదీలతో సరిగ్గా సరిపోయాయి. విప్పి చదివితే అంతా గుర్రాల సంగతే: ఎన్ని ఎక్కించారు, దారిలో ఎన్ని చనిపోయాయి, వచ్చే విడతలో ఎంత ఎత్తు గుర్రాలు కావాలి. న్యూ సౌత్ వేల్స్ గుర్రాలను వేలర్లని పిలిచి, మన దేశంలోని సైన్యానికి పెద్ద ఎత్తున తెప్పించుకునేవారు. అలాంటి బేరసారాల ఉత్తరాలు మద్రాసు, కలకత్తా సంస్థల పాత కట్టల్లో బయటపడుతుంటాయి. మన తెలుగువారు ఈ సేకరణలోకి దిగడానికి ఇది సహజమైన ద్వారం అని నా అభిప్రాయం. మరో చిన్న సంగతి, మన కోరంగి పేరు పెట్టుకున్న కోరింగా ప్యాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన ఉన్న కోరల్ సముద్రంలో బద్దలైంది. అక్కడి దీవులను ఇప్పటికీ కోరింగా దీవులనే పిలుస్తారు.

కాబట్టి మొదలుపెట్టేటప్పుడు ఒక వలస రాజ్యం, ఒక దారి, ఓ పది పన్నెండేళ్ల కాలం ఎంచుకోండి. మీ చేతిలో ఉన్నవి విక్టోరియావైతే, 1859 నుంచి 1870 దాకా గాల్ మీదుగా వెళ్లినవి చాలు. వాటిలో ఆరు పెన్నీల మామూలు కవర్లు ఇంకా మనలాంటివారికి అందే ధరల్లోనే ఉన్నాయి. ఓడ ప్రమాదాల్లో తడిసి బయటపడిన కవర్ల జోలికి మొదట్లో వెళ్లకండి. 1862 నవంబరులో పీ అండ్ ఓ వారి కొలంబో అనే ఓడ లక్షదీవుల్లోని మినికాయ్ దీవి దగ్గర చిక్కుకున్నప్పుడు రక్షించిన ఉత్తరాల మీద ఆ సంగతి తెలిపే ముద్ర వేశారు. అలాంటివాటికి ధర ఎక్కువ, దొంగముద్రలు వేయాలన్న ఆశ కూడా ఎక్కువ. అంత పెట్టుబడి పెట్టే రోజు వచ్చినప్పుడు లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి నిపుణుల సంఘం ఇచ్చిన ధ్రువపత్రం లేకుండా కొనవద్దు.

భద్రపరచడం గురించి మీరు అడగలేదు, అయినా కోస్తాలో ఉంటున్నానని రాశారు కనుక చెప్పక తప్పదు. మన ఉప్పు గాలికి, వానాకాలపు చెమ్మకు పాత కాగితం మీద గోధుమరంగు మచ్చలు త్వరగా పడతాయి. పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు అవి చెమర్చి సిరాను పట్టేస్తాయి. పాలియెస్టర్ తొడుగులు వాడండి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి మార్చండి. ఇనుప బీరువాను గోడకు ఆనించి పెట్టవద్దు. లక్క ముద్ర ఉన్న కవరు మీద బరువు పెడితే లక్క పగులుతుంది కనుక దాన్ని విడిగా ఉంచండి.

ఇక మీ రెండు కవర్ల సంగతి. ముందువైపు ఫొటోలు పెట్టారు కానీ వెనకవైపువి పెట్టలేదు. మొదటిదాని ఎడమ మూలన దారి పేరు రాసి కొట్టేసినట్టు కనిపిస్తోంది. చెల్లించిన రుసుము మార్సెయ్ దారికి చాలక సౌతాంప్టన్‌కు మళ్లించి ఉండవచ్చు. వెనకనున్న ముద్రలు చూస్తే గానీ తేలదు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి వెనకవైపు ఫొటోలు తీసి ఇక్కడే జతచేయండి. మెల్‌బోర్న్ ముద్రలోని తేదీ కనిపిస్తే ఆ నెల ఆర్గస్‌లో ఓడ పేరు నేను వెతికి చెబుతాను.